ఒకే ఇంటికి రెండు నంబర్లు
(ఎలక్ట్రానిక్ జాకార్డు పెట్టెలో రిజిస్టర్ల చిరునామాలు)

రిజిస్టరు అనగానే మనకు సంఘంలోని నూలు జమాఖర్చుల పుస్తకం గుర్తుకు వస్తుంది. జాకార్డు పెట్టెలోని రిజిస్టరు వేరు. గ్రాఫు కాగితంపై ఒక వరుసలో ఎనిమిది గడులు అనుకోండి. ఒక్కొక్క గడిలో 1 గాని 0 గాని ఉంటుంది. అట్టలో రంధ్రమున్న చోట హుక్కు లేచినట్లే, ఇక్కడ 1 ఉన్న చోట హుక్కు లేస్తుంది.

ఏట్మెగా 328 అనే చిన్న మైక్రోకంట్రోలరును ఉదాహరణగా తీసుకుందాము. దానిలో పోర్ట్-బి అనే రిజిస్టరు కొన్ని కాళ్ళకు విద్యుత్తునిస్తుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తు హుక్కును ఎత్తలేదు. ట్రాన్సిస్టరు ద్వారా అయస్కాంతపు చుట్టను పనిచేయిస్తుంది. మొదటి నాలుగు గడుల విలువలు వరుసగా 1, 2, 4, 8. ఒకటవ, మూడవ హుక్కులు లేవాలంటే 5 వ్రాయాలి. రెండవది, నాల్గవది లేవాలంటే 10 వ్రాయాలి. పేక పేకకూ ఈ రెండూ మార్చి మార్చి వ్రాస్తే సాదా నేత వస్తుంది.

అయితే ఎక్కడ వ్రాయాలి? ఇక్కడే చిక్కు ఉన్నది. మైక్రోకంట్రోలరు లోపల ఒక పొడుగాటి వీధి ఉన్నదనుకోండి. ఇంటి నంబర్లు సున్నతో మొదలు. 0 నుండి 31 వరకు లెక్కలు చేసే రిజిస్టర్లు. 32 నుండి 95 వరకు కాళ్ళనూ గడియారాలనూ నడిపే 64 రిజిస్టర్లు. 96 నుండి 255 వరకు అటువంటివే మరికొన్ని. 256 నుండి 2,048 బైట్ల జ్ఞాపకశాల. ఈ వీధిలో పోర్ట్-బి నంబరు 37.

"ఎస్టీఎస్" అనే ఆదేశం వీధి నంబరునే అడుగుతుంది. "అవుట్" అనే ఆదేశం చిన్నది, చురుకైనది. దానిలో చిరునామాకు ఆరు గడులే చోటు. కనుక 64 ఇళ్ళకు మించి పేర్కొనలేదు. అది మొదటి 32 ఇళ్ళను వదలి లెక్క ప్రారంభిస్తుంది. దాని దృష్టిలో పోర్ట్-బి నంబరు 5. ఇల్లు ఒకటే, నంబర్లు రెండు.

మా సంఘంలో ఒక యువకుడు నాలుగు హుక్కుల నమూనా కట్టి, "అవుట్" ఆదేశానికి 37 ఇచ్చాడు. హుక్కులు కదలలేదు. పైగా ఆ లెక్కలో 37వ ఇల్లు ఒక గడియారపు రిజిస్టరు. దాని వేగం మారి విరామాలు తప్పాయి. తీగలలో లోపమున్నదని రెండు రోజులు వెదికాము. ఆ రెండు రోజుల కూలి పోయింది. అదే తప్పు తిరగవేసి "ఎస్టీఎస్"కు 5 ఇస్తే లెక్కల రిజిస్టరొకటి చెడుతుంది. యంత్రం తప్పని చెప్పదు. చెప్పిన చోట వ్రాసి ఊరుకుంటుంది.

తయారీదారుల పుస్తకంలో రెండు నంబర్లూ పక్కపక్కనే ఉంటాయి. బ్రాకెట్లలోనిది వీధి నంబరు. అక్కడ 25 అని ఉంటే ఇరవై ఐదు అనుకోరాదు. అది పదహార్ల లెక్క: రెండు పదహార్లు, ఐదు కలిపి 37. సీ భాషలో పోర్ట్-బి అని పేరుతో వ్రాసేవారికి ఈ బాధ లేదు. సరియైన నంబరు కంపైలరే వేసుకుంటుంది.

చదువుకున్న మన పిల్లలు ఈ రెండు లెక్కలూ నేర్చుకొంటే, పెట్టె మొరాయించిన ప్రతిసారీ పట్నం నుండి మెకానిక్కు వచ్చేదాకా మగ్గం ఆపుకోనవసరం ఉండదు.