ఫార్వర్డ్ వైద్యం: అపోహలు – వాస్తవాలు

బన్సీలాల్‌పేట్‌కు గాంధీ ఆస్పత్రి కూతవేటు దూరం. అయినా ఒంట్లో నలతగా ఉంటే ఇక్కడా ముందు తెరిచేది ఫోనే. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా ఏది నమ్మాలన్న దగ్గరే.

అపోహ: ఇంతమంది షేర్ చేశారంటే ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు టిక్‌టాక్ వీడియో చూసి ఉమ్మెత్త గింజలు నూరుకుని తాగి ఆస్పత్రి పాలయ్యారు. ఆ ముళ్లకాయ కరోనా వైరస్ బొమ్మలా ఉంటుంది కాబట్టి దానికి అదే విరుగుడట! ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపోలమిన్ వల్ల నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి మతి తప్పి మాట్లాడతాడు. ఉమ్మెత్త విషమని పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన సంగతినే ఒక చిన్న వీడియో మరిపించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ఫార్వర్డ్‌ల దెబ్బకు అమ్మకాలు పడిపోతే, హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఇలాంటివి పంపేవాళ్లలో మోసగాళ్లు తక్కువే. మన మేలు కోరే పెద్దమ్మలు, బాబాయిలే ఎక్కువ. అందుకే కాదనడానికి నోరు రాదు.

అపోహ: తెల్లకోటు వేసుకుని చెబుతున్నాడు, డాక్టరే.

వాస్తవం: కోటు ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరున్న డాక్టర్ల ముఖాన్నీ గొంతునూ ఇప్పుడు ఏఐతో తయారుచేసేస్తున్నారు. వీడియో చివర్లో ఏం అమ్ముతున్నాడో చూస్తే సగం గుట్టు బయటపడుతుంది. షుగర్‌ను నయం చేస్తుందని మందుకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం.

అపోహ: నమ్మదగిన సైటుకు ముద్ర ఉంటుంది, అది చూసుకుంటే చాలు.

వాస్తవం: జెనీవాలోని ఒక సంస్థ 1990ల నుంచి ‘హాన్‌కోడ్’ పేరుతో ఆరోగ్య సైట్లకు అలాంటి ముద్రే ఇచ్చేది. 2022లో ఆ సేవ ఆగిపోయింది. ఇక ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, డబ్బు ఎవరిది అన్నవి మనమే చూసుకోవాలి.

అపోహ: అసలు నెట్‌లో ఉన్నదంతా చెత్తే.

వాస్తవం: ఇదీ తొందరపాటే. ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆమె మాట ఇంటింటికీ చేరింది సోషల్ మీడియా ద్వారానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరు ఓఆర్‌ఎస్‌కు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. చక్కెర అంతకు ఎన్నో రెట్లున్న పానీయం పడితే పిల్లల విరేచనాలు ఇంకా పెరుగుతాయి. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆమె మాటకు బలం చేకూర్చింది లైకులు కాదు, ఎవరైనా సరిచూసుకోగలిగిన ఆ గ్రాముల లెక్క.

అపోహ: ఫోన్‌లో చూసింది డాక్టరుకు చెబితే కోప్పడతారు.

వాస్తవం: కొందరు విసుక్కుంటారు, నిజమే. అయినా చెప్పాలి. దగ్గుకు మంచిదని రోజూ అతిమధురం కషాయం తాగితే బీపీ పెరగొచ్చు, ఒంట్లో పొటాషియం తగ్గొచ్చు. ఆ కషాయం సంగతి తెలియకపోతే డాక్టరు బీపీ మాత్ర డోసు పెంచి పంపిస్తారు.