అక్షరాల మధ్య తెల్లగీత ఎందుకు?

బ్యాంకులో పాస్‌బుక్ మీద లెక్కలు కొడుతూ కిర్రుమనే ప్రింటర్‌ని చూశారా? అదే డాట్ మ్యాట్రిక్స్. దాని తలలో సాధారణంగా 9 లేదా 24 సన్నని పిన్నులుంటాయి. అవి సిరా రిబ్బన్‌ని కాగితానికేసి కొడితే చుక్కలు పడతాయి, ఆ చుక్కలే అక్షరాలవుతాయి.

మరి ప్రతి వరుసలోనూ ఒకే ఎత్తులో తెల్లగీత వస్తోందంటే? ఒక పిన్ను విరిగి ఉండాలి, లేదా సిరా, దుమ్ము గడ్డకట్టి ఇరుక్కుని ఉండాలి, కాదంటే దాన్ని కదిలించే తీగచుట్టకు కరెంటు అందకపోయి ఉండాలి. అక్షరమంతా మసకబారితే రిబ్బన్ పాతబడిందేమో, తల కాగితానికి దూరంగా జరిగిందేమో చూడాలి. తప్పు తీరు చూస్తేనే కారణం చిక్కుతుంది. ఈ యంత్రంలో నాకు బాగా నచ్చేది అదే.

చాలా మోడళ్లలో కాగితం జరిపే బటన్ నొక్కిపట్టి స్విచ్ వేస్తే, ప్రింటర్ తనంతట తానే పరీక్ష పేజీ కొడుతుంది. అది బాగుంటే అనుమానం కేబుల్ మీదికీ కంప్యూటర్ మీదికీ మళ్లించాలి.

కాగితం ఇరుక్కుంటే బలంగా లాగకండి. స్విచ్ ఆపి, పక్కనున్న గుండ్రటి పిడిని మెల్లగా తిప్పుతూ బయటికి తీయండి. అంచుల్లో రంధ్రాలున్న కాగితమైతే, మళ్లీ పెట్టేటప్పుడు ఆ రంధ్రాలను రెండువైపులా ఒకే వరుసలో ప్రింటర్ చక్రాల పళ్లకు తగిలించాలి. ఒక్క రంధ్రం తేడా వచ్చినా కాగితం ఏటవాలుగా వెళ్లి ముడతపడుతుంది. తలని మాత్రం వెంటనే ముట్టుకోవద్దు, చాలాసేపు కొట్టాక అది చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది.