డీవీడీ ప్లేయర్ మీద ఎంత పెట్టాలి?

పసుపు అమ్మిన పైసలు చేతికొచ్చి, పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడుతున్న రోజుల్లో బాల్కొండ, ఆర్మూర్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వినబడే మాట ఇది: "అన్నా, గీ రెండు వేల ప్లేయర్ సరిపోతదా, పెద్ద కంపెనీదే తీస్కోవాల్నా?" ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది. కొత్త సినిమా ఫోన్లోనే వస్తోంది. అయినా ఈ ప్రశ్న పోలేదు. ఎందుకు పోలేదో షోకేస్ అర తెరిస్తే తెలుస్తుంది. పెళ్లి డీవీడీలు మూడు భాగాలు, గృహప్రవేశం ఒకటి, ఒడిబియ్యం ఒకటి, పక్కన కవర్ చిరిగిన పాత సినిమాలు. ఇవేవీ ఓటీటీలో దొరకవు. ఉన్న ప్లేయరేమో డిస్కు మింగి 'నో డిస్క్' అంటోంది.

ఈ పల్లెల్లో చాలా ఇళ్లకు ఈ సామాను గల్ఫ్ దారిలోనే వచ్చింది. దుబాయ్, మస్కట్, సౌదీ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల సామాన్లలో మొదట టేప్‌రికార్డర్, తర్వాత వీడియో డెక్కు, ఆ తర్వాత సీడీ, డీవీడీ ప్లేయర్లు దిగాయి. వీసీడీ ప్రమాణం 1993లో ఖరారైంది. 74 నిమిషాలే పట్టే డిస్కు కాబట్టి తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు కావాల్సివచ్చేవి. డీవీడీ 1996లో జపాన్‌లో మొదలై మన దాకా వచ్చేసరికి కొన్నేళ్లు పట్టింది. అసలు మార్పు 2007 ప్రాంతంలో వచ్చింది. మోజర్ బేర్ సంస్థ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అద్దె క్యాసెట్ల కాలం పోయి, సినిమా కొని ఇంట్లో పెట్టుకోవడం మామూలు జనానికి అలవాటైంది. ఆ సంస్థ తర్వాత అప్పుల్లో మునిగింది. 2018లో దాన్ని మూసి ఆస్తులు అమ్మమని ఆదేశాలు వచ్చాయి. దాని డిస్కులు మాత్రం ఇంకా అరల్లో ఉన్నాయి.

జవాబు ముందే చెప్పేస్తాను. డీవీడీల కోసమే అయితే చవక ప్లేయర్ చాలు. మిగిలిన డబ్బు సౌండ్ మీద పెట్టండి. 'చాలు' అన్న మాటకు రెండు మూడు షరతులున్నాయి. వాటిని పట్టించుకోకపోతే ఎనిమిది వేలది కొన్నా బొమ్మ మసకగానే ఉంటుంది.

ముందు ఎందుకు చాలో చూద్దాం. డెక్కు కాలంలో టేప్ మీద ఉన్నది అయస్కాంతపు అల. హెడ్ అరిగితే, టేప్ సాగితే ఆ మేరకు బొమ్మ పాడయ్యేది. ఖరీదైన డెక్కు నిజంగానే మంచి బొమ్మ చూపించేది. డిస్కు మీద ఉన్నది అంకెలు. లేజర్ వాటిని చదివి ఒకటో సున్నానో తేలుస్తుంది. అక్కడక్కడ గీతలు పడి కొన్ని అంకెలు పోతాయని ముందే లెక్కేసి, పోయినవాటిని తిరిగి రాబట్టడానికి అదనపు అంకెలు కూడా డిస్కులోనే పెడతారు. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో కనిపెట్టిన పద్ధతి ఇది. అందువల్ల డిస్కు చదవడంలో మధ్యస్థం అంటూ పెద్దగా ఉండదు. చదివితే పూర్తిగా చదువుతుంది. చదవలేనప్పుడు బొమ్మ డెక్కులోలాగా పలచబడదు, చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోతుంది. సినిమా సాఫీగా నడుస్తోందంటే చవక ప్లేయరూ ఖరీదైన ప్లేయరూ డిస్కు నుంచి తీసింది ఒకే సరుకు.

దీనికి ఒక ముచ్చటైన రుజువుంది. 2010లో లెక్సికాన్ అనే పేరున్న అమెరికన్ సంస్థ సుమారు 3,500 డాలర్లకు ఒక బ్లూ-రే ప్లేయర్ అమ్మింది. పరీక్షించేవాళ్లు మూత విప్పి చూస్తే లోపల ఒప్పో సంస్థ 500 డాలర్లకు అమ్ముతున్న ప్లేయరే ఉంది. దాన్ని లోపలి డబ్బాతో సహా తీసి కొత్త డబ్బాలో కూర్చోబెట్టారు. ఏడింతల ధరలో కొన్నవాడికి దక్కింది బయటి రేకు, దాని మీది పేరు. మన దగ్గరి చవక ప్లేయర్ల సంగతి దీనికి తిరగేసిన కథ. లేబుల్ ఏదైనా, చాలావాటిలో డిస్కు చదివే లెన్స్ యూనిట్ సోనీ కేహెచ్ఎం-313 లాంటి పేరున్న రకమో, దాని నకలో అయ్యుంటుంది.

ఇక షరతులు. మొదటిది తీగ. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ తీగతో కొత్త 43 అంగుళాల ఎల్ఈడీకి ప్లేయర్ కలిపి, "డీవీడీ క్లారిటీ ఏమీ లేదు" అనేవాళ్లే ఎక్కువ. ఆ పసుపు పిన్నులో రంగూ వెలుగూ ఒకే తీగలో కలిసి వెళ్తాయి. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి, ఆ విడదీతలోనే అంచులు చెదురుతాయి. ప్లేయర్‌కు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండి తీరాలి. బొమ్మ విషయంలో అంతకు మించిన ఖర్చు అనవసరం.

రెండోది సెట్టింగ్. చాలా చవక ప్లేయర్లు ఫ్యాక్టరీ నుంచి పాత డబ్బా టీవీకి సరిపడేట్టు వస్తాయి. రిమోట్‌లో సెటప్ నొక్కితే 'టీవీ టైప్' అని ఉంటుంది. అందులో 4:3 పీఎస్, 4:3 ఎల్‌బీ, 16:9 అని మూడు. 16:9 పెట్టకపోతే పెళ్లికొడుకు పొట్టిగా లావుగా సాగిపోతాడు, లేదా పక్కన నిలబడ్డ మేనమామ సగం కోసుకుపోతాడు. కొత్త ప్లేయర్ కొనక్కర్లేకుండా ఇంట్లో ఉన్నదాన్నే బాగుచేసే పని ఇది, అర నిమిషం పడుతుంది.

డబ్బా మీద '1080పీ అప్‌స్కేలింగ్' అని పెద్దగా రాస్తారు. దీనికి ఆశపడి ఎక్కువ పెట్టకండి. వీసీడీ బొమ్మలో ఉండేది సుమారు లక్ష చుక్కలు. డీవీడీలో నాలుగు లక్షల పదిహేను వేలు. ఫుల్ హెచ్‌డీ టీవీకి కావాల్సింది 20 లక్షల పైచిలుకు. లేని పదహారు లక్షలను ప్లేయర్ ఊహించి నింపుతుంది, అంతే. పసుపును డ్రమ్ములో వేసి పాలిష్ పడితే కొమ్ము నిగనిగలాడుతుంది గానీ విరిచి చూస్తే లోపలి రంగు మారదు, ఇదీ అంతే. పైగా ఆ ఊహించే పని మీ టీవీ కూడా చేయగలదు, తరచుగా చవక ప్లేయర్ కంటే బాగా చేస్తుంది. అవుట్‌పుట్‌ను ఒకసారి 576లో, ఒకసారి 1080లో పెట్టి బరాత్‌లో డ్యాన్స్ చేసే భాగం చూడండి. పెళ్లి వీడియోలో ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు ముక్కలు చేసి రికార్డు చేస్తారు. వాటిని సరిగా అతకడం చేతకాని ప్లేయర్‌లో ఊగే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లు కనిపిస్తాయి. చవక ప్లేయర్ నిజంగా దొరికిపోయేది ఇక్కడే. ఎందులో తక్కువ కనిపిస్తే అందులో వదిలేయండి.

ఇదంతా తెర సైజు, కూర్చునే దూరం మీద కూడా ఆధారపడుతుంది. 32 అంగుళాల టీవీని పది అడుగుల నుంచి చూస్తే డీవీడీ చుక్కలు మామూలు కంటికి అందీ అందనట్టు ఉంటాయి. ఆ ఇంట్లో బ్లూ-రే పెట్టినా ఇంటాయనకు తేడా కనిపించడం కష్టం. 55 అంగుళాలకు వెళ్తే అదే దూరంలో డీవీడీ మసక బయటపడుతుంది. అది డిస్కు పరిమితి. ప్లేయర్ మార్చి ప్రయోజనం లేదు.

అసలు మోసమంతా సౌండ్ దగ్గర జరుగుతుంది. హోం థియేటర్ డబ్బా మీద 5,000 వాట్స్, 8,000 వాట్స్ పీఎంపీఓ అని రాస్తారు. ఈ పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. కంపెనీవాడు ఏ అంకె వేస్తే అదే. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్, ఎంత అని అడగండి. షాపువాడు చెప్పలేకపోతే ఆంప్లిఫైయర్‌ను వెనక్కి తిప్పి, కరెంటు తీగ పక్కన అంటించిన చిన్న చీటీ చదవండి. అక్కడ '230 వోల్ట్స్, 60 వాట్స్' అని ఉంటే గోడలోంచి అది లాగేదే 60. లోపల వేడికి పోయేది పోగా, బాక్సుల్లోకి విడవకుండా అంతకంటే ఎక్కువ రావడం అసాధ్యం. ముందు ఎనిమిది వేలు, వెనక అరవై.

రెండో తిరకాసు 5.1. సినిమా డిస్కులో ఆరు దారుల సౌండ్ విడివిడిగా ఉంటుంది: ముందు కుడి ఎడమ, మధ్యలో మాటలకు ఒకటి, వెనక రెండు, వూఫర్‌కు ఒకటి. చవక ప్లేయర్‌కు వెనక ఎరుపు తెలుపు రెండే పిన్నులుంటే ఆ ఆరూ రెండుగా కలిసిపోయి బయటికొస్తాయి. అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్ ఆ రెంటినే ఆరు బాక్సులకు పంచుతుంది. ఆరూ మోగుతాయి, అన్నింట్లో వచ్చేది ఒకే గోల. హీరో మాటలు వెనక బాక్సులోంచి కూడా వినబడుతున్నాయంటే ఇదే జరుగుతోందని అర్థం. కాబట్టి ఆరు పిన్నుల అవుట్‌పుట్ గానీ, ఆప్టికల్ లేదా కోఆక్సియల్ అవుట్‌పుట్ గానీ ఉన్న ప్లేయర్ అడగండి. రెండో రకమైతే ఆంప్లిఫైయర్‌లో డాల్బీ డీకోడర్ ఉండాలి. ప్లేయర్ సెటప్‌లో 'ఎస్‌పీడీఐఎఫ్' దగ్గర పీసీఎం తీసి 'రా' పెట్టాలి. అది మార్చకే బోలెడన్ని సెట్లు ఏళ్ల తరబడి రెండు దారుల సౌండ్‌నే మోగిస్తుంటాయి. నన్నడిగితే ఆరు రేకు బాక్సుల కంటే రెండు మంచి చెక్క బాక్సులు నయం. గల్ఫ్ పైసలతో కట్టిన స్లాబు ఇళ్లలో హాలు నిండా టైల్స్, నున్నటి గోడలు. మాట గోడకు కొట్టుకుని మాట మీద పడుతుంది. వూఫర్‌ను మూలకు నెట్టకుండా ఉంటే, కిటికీకి దళసరి పరదా వేస్తే, కింద జంపఖానా పరిస్తే వచ్చే తేడా ప్లేయర్ మారిస్తే రాదు.

చవక ప్లేయర్‌కు ఒక విషయంలో ఖరీదైనదాని కంటే ఎక్కువ మార్కులే వేయాలి. డీవీడీ కంపెనీలు ప్రపంచాన్ని జోన్లుగా పంచుకున్నాయి. ఇండియా ఐదో జోన్, గల్ఫ్ దేశాలు రెండు, అమెరికా ఒకటి. దుబాయ్‌లో కొన్న పెద్ద కంపెనీ ప్లేయర్ ఐదో జోన్ ముద్ర ఉన్న ఇంగ్లిష్ సినిమా డిస్కును మొహమాటం లేకుండా తిప్పికొట్టవచ్చు. పేరులేని చైనా ప్లేయర్లు చాలావరకు ఏ జోన్ వేసినా ఆడేస్తాయి. అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపిన ఎన్‌టీఎస్‌సీ పెళ్లి డిస్కు, గీతలు పడ్డ డిస్కు, ఎంపీ3 పాటల సీడీ, దేనికీ కాదనవు. బ్లూ-రేలోనూ జోన్లున్నాయి: అమెరికా ఏ, గల్ఫ్ బీ, ఇండియా సీ. వచ్చేవాళ్లతో తెప్పించుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. 4కే బ్లూ-రే సినిమాలకు మాత్రం ఈ తాళం లేదు.

బ్లూ-రే కొనాలా అని అడిగితే, తెలుగు సినిమాల కోసమైతే నేను వద్దనే అంటాను. బొమ్మ నిస్సందేహంగా గొప్పది. 4కే డిస్కులో సెకనుకు నూరు మెగాబిట్లు దాటే దాకా సమాచారం రావచ్చు, ఓటీటీలో 4కే సినిమా పదిహేను దగ్గర సర్దుకుంటుంది. కానీ ఆడించడానికి డిస్కు ఏది? బాహుబలి, ఆర్ఆర్ఆర్ బ్లూ-రేలు జపాన్‌లో కొని దాచుకునేవాళ్లున్నారు; మన షాపుల్లో ఆ అర లేదు. తయారుచేసేవాళ్లూ తప్పుకుంటున్నారు. ఒప్పో 2018లో ఆపేసింది. శాంసంగ్ 2019లో అమెరికాకు కొత్తవి చేయడం మానేసింది. 2024 చివర్లో ఎల్‌జీ కూడా అదే దారి పట్టింది.

మన్నిక మాటకొస్తే, చవకది రెండు మూడేళ్లకు మూలపడవచ్చు. ముందు పోయేది లెన్స్. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టే నెలల్లో కల్లాల దగ్గరి ఇళ్లలో సన్నటి పచ్చ దుమ్ము ఎక్కడ చూసినా పేరుకుంటుంది. ప్లేయర్ ట్రే సందులోంచి లోపలికీ వెళ్తుంది. బట్ట కప్పి ఉంచండి, కానీ ఆడేటప్పుడు తీసేయండి. డీవీడీ ఆడుతూ సీడీ మాత్రం ఆడకపోతే అది దుమ్ము కాకపోవచ్చు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, రెండూ వేరు; ఒకటి పోయిందన్నమాట. ఓల్టేజీ హెచ్చుతగ్గులకు భయపడి స్టెబిలైజర్ కొనక్కర్లేదు. వెనక 100 నుంచి 240 వోల్ట్స్ అని రాసి ఉంటే ప్లేయర్ తనే సర్దుకుంటుంది. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం ప్లగ్ పీకేయాలి.

ప్లేయర్ పోతే ఇంకోటి వస్తుంది. పెళ్లి డిస్కు పోతే రాదు. సినిమా డిస్కు అచ్చు వేసింది. పెళ్లి డిస్కు రంగు పూత మీద లేజర్‌తో కాల్చింది. ఆ పూత ఎండకు, వేడికి ఏళ్ల మీద వెలిసిపోతుంది, ఒక్క గీత లేకపోయినా. అందుకే కొత్త ప్లేయర్ కొనే రోజునే, డిస్కులు ఇంకా ఆడుతుండగానే, కాపీ చేయించండి. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి ఊళ్లో ఎవరి దగ్గరో ఉంటుంది, లేకపోతే ఫొటో స్టూడియోలో ఉంటుంది. డిస్కు తెరిస్తే 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ కనబడుతుంది. దాన్ని మొత్తంగా తీసి ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో ఉండే హార్డ్‌డిస్క్‌లో వేసుకోవాలి. లోపలి వీఓబీ ఫైళ్లు ఒక్కోటి ఒక జీబీ దగ్గర తెగి ఉంటాయి కాబట్టి, నాలుగు జీబీలు దాటిన ఫైలును పట్టలేని పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ కూడా పనికొస్తుంది. చాలా స్మార్ట్ టీవీలు వాటిని నేరుగా ఆడిస్తాయి. ఆడించకపోతే ఎంపీ4గా మార్చి ఇమ్మని స్టూడియోవాళ్లను అడగండి.