తీగ తెగినప్పుడు ఏం జరగాలి? సేద్యపు నియంత్రణకు మైక్రోకంట్రోలరు విస్తరణ బోర్డు రూపకల్పన

బిందు సేద్యపు వాల్వులను, ఎరువుల పంపును, పాలీహౌస్ ఫ్యాన్లను స్వయంచాలకంగా నడిపే పరికరాలు నేడు వ్యవసాయ కళాశాలల ప్రాజెక్టు నివేదికలలో తరచుగా కనిపిస్తున్నాయి. వాటి అమరిక దాదాపు ఒకే తీరున ఉంటుంది. ఆర్డుయినో లేదా ఈఎస్‌పీ32 వంటి మైక్రోకంట్రోలరు, బజారులో దొరికే రిలే మాడ్యూలు, సన్నని జంపరు తీగలు, మట్టిలో గుచ్చిన తేమ సెన్సారు. ప్రయోగశాల బల్లపై ఇది చక్కగా పనిచేస్తుంది. పొలంలో బోరు మోటారు స్టార్టరు పక్కన, ఎండకు కాగే ఇనుప పెట్టెలో కొన్ని వారాలు గడిచేసరికి మొరాయిస్తుంది. లోపం సాధారణంగా మైక్రోకంట్రోలరుది కాదు. చిప్పుకూ పొలానికీ మధ్య ఉండవలసిన బోర్డు అక్కడ లేదు.

ఈఎస్‌పీ32 చిప్పుకు తెలిసినది 3.3 వోల్టులు, ఒక్కొక్క పిన్నుకు కొద్దిపాటి మిల్లీ ఆంపియర్లు మాత్రమే. పొలంలో వాల్వులు 24 వోల్టులతో, ఫ్యాన్లు 230 వోల్టులతో, మూడు ఫేజుల మోటారు 415 వోల్టులతో నడుస్తాయి. ఈ రెండు లోకాల మధ్య సంకేతాలను మార్చి అందించడం, ఒకదాని దెబ్బ రెండవదానికి తగలకుండా అడ్డుగోడగా నిలవడం విస్తరణ బోర్డు పని. పరిశ్రమలలో పీఎల్‌సీలు 1970ల నుంచి ఈ పని చేస్తున్నాయి. ఆరు వాల్వులను గడియారం ప్రకారం తిప్పడమే అవసరమైతే తయారుగా దొరికే కంట్రోలరు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. పరిశోధన మడులలో రకరకాల సెన్సార్లను, మనం నిర్ణయించిన నీటి మోతాదులను కలిపి నడపవలసి వచ్చినప్పుడే సొంత బోర్డు శ్రమకు ఫలితం ఉంటుంది.

బోర్డును ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు గీస్తాడు. అయితే అతడు గీత గీయక ముందే సేద్య శాస్త్రవేత్త ఒక పుట రాసి ఇవ్వాలి. సెన్సారు తీగ తెగితే, ప్రోగ్రాము స్తంభించితే, కరెంటు పోయి మళ్ళీ వస్తే, ప్రతి వాల్వూ ప్రతి పంపూ ఏ స్థితిలో నిలవాలో అందులో ఉండాలి. ఈ పుట రాకపోతే ఆ నిర్ణయాలు ఆగిపోవు. ఎవరూ ఆలోచించకుండానే ఏదో ఒక రెసిస్టరు వాటిని తీసుకుంటుంది.

ఇది అతిశయోక్తి కాదు. చవకగా దొరికే కెపాసిటివ్ తేమ సెన్సారును చూడండి. నేల ఆరినకొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది, తడిసినకొద్దీ తగ్గుతుంది. పొలంలో గుంటక తగిలో ఎలుక కొరికో దాని తీగ తెగిందనుకుందాం. ఇన్‌పుట్ పిన్ను వద్ద రెసిస్టరును భూమి వైపు కలిపి ఉంటే చిప్పు సున్నా వోల్టులు చదువుతుంది. నేల పూర్తిగా తడిగా ఉందని భావించి నీరు ఆపుతుంది. అదే రెసిస్టరును 3.3 వోల్టుల వైపు కలిపి ఉంటే నేల ఎండిపోయిందని భావించి నీరు పెడుతూనే ఉంటుంది. నల్లరేగడిలోని మిరపకు రెండవది ప్రమాదం; నీరు నిలిచి వేర్లకు గాలి అందదు, తెగుళ్ళు తోడవుతాయి. వేసవిలో షేడ్‌నెట్ కింద కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో పెరిగే నారుకు మొదటిది ప్రమాదం. ఒక్క పూట నీరందకపోతే నారు వాడిపోతుంది. ఈ తేడా ఇంజనీరుకు తెలియవలసిన పని లేదు, మనకు తెలుసు. రెసిస్టరు ఒకటే, ఏ వైపు కలపాలో చెప్పేది పైరు.

ఇంతకంటే మంచి మార్గం పరిశ్రమల నుంచి మనకు అందింది. అది 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవాహ సంకేతం. ఇక్కడ కొలతలోని సున్నాకు సంకేతం సున్నా కాదు, 4 మిల్లీ ఆంపియర్లు. తీగ తెగితే ప్రవాహం నిజంగానే సున్నా అవుతుంది. కనుక నేల తడిగా ఉందా, పొడిగా ఉందా, అసలు సమాచారమే లేదా అన్న మూడింటినీ చిప్పు వేరు చేయగలుగుతుంది. నామూర్ ఎన్ఈ 43 సిఫారసు ప్రకారం 3.6 మిల్లీ ఆంపియర్లు లేదా అంతకు తక్కువ, 21 లేదా అంతకు ఎక్కువ ఉంటే దానిని కొలతగా కాక లోపంగా పరిగణించాలి. తీగ పొడవు పెరిగినా కొలత మారకపోవడం మరొక సౌకర్యం.

ఈ ప్రవాహాన్ని చిప్పు చదవాలంటే ఒక రెసిస్టరు గుండా పంపి వోల్టేజిగా మార్చాలి. చాలామంది 150 ఓముల రెసిస్టరు వాడతారు. 20 మిల్లీ ఆంపియర్ల వద్ద 3.0 వోల్టులు వస్తాయి. ఈఎస్‌పీ32లోని కొలత భాగం సుమారు 2.45 వోల్టులు దాటాక నమ్మదగినది కాదు. అందువల్ల 100 ఓములే ఉచితం. అప్పుడు 3.6 వద్ద 0.36 వోల్టులు, 21 వద్ద 2.1 వోల్టులు వస్తాయి. లోపపు హద్దులు రెండూ నమ్మదగిన పరిధిలోనే ఉంటాయి. తీగలు ఒకదానికొకటి తగిలి 24 వోల్టులు నేరుగా ఈ రెసిస్టరుపై పడితే సుమారు 5.8 వాట్ల వేడి పుడుతుంది. సాధారణ పావు వాటు రెసిస్టరు మాడిపోతుంది. అందుకని తిరిగి కోలుకునే ఫ్యూజును ముందుగా పెట్టడం తప్పనిసరి. చిప్పు పిన్ను వద్ద అధిక వోల్టేజిని అడ్డుకునే జీనర్ డయోడు కూడా ఉండాలి.

సమాచారం లేదని తెలిశాక ఏం చేయాలన్నది మళ్ళీ సేద్య ప్రశ్నే. ఆ రుతువులోని సగటు నీటి ఆవిరిని బట్టి లెక్కకట్టిన మోతాదును గడియారం ప్రకారం ఇస్తూ, రైతు ఫోనుకు సందేశం పంపమని రాయవచ్చు.

అవుట్‌పుట్ల వైపు చిక్కులు మరికొన్ని. తక్కువ వోల్టేజికి పనిచేసే రిలే మాడ్యూళ్ళు ప్రోగ్రాము మొదలయ్యే క్షణంలో ఒకసారి టక్కుమంటాయి. ఆ క్షణంలో వాల్వు తెరుచుకున్నట్లే. ఈఎస్‌పీ32లో 0, 2, 5, 12, 15 పిన్నులు చిప్పు ప్రారంభమయ్యే తీరుతో ముడిపడినవి కనుక వాటికి రిలేలు కలపరాదు. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కు మాత్రమే పనికివస్తాయి. ప్రతి డ్రైవరు ఇన్‌పుట్‌ను 10 కిలో ఓముల రెసిస్టరుతో భూమికి కలిపితే చిప్పు నిద్రలో ఉన్నా రిలే కదలదు. డీసీ కాయిల్ ఆగే క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజిని మింగడానికి డయోడు కావాలి. ప్రోగ్రాము స్తంభించితే గమనించే వాచ్‌డాగ్ చిప్పును బోర్డుపై వేరుగా అమర్చి, అది రిలేల 24 వోల్టుల సరఫరానే తెంచేటట్లు చేయడం నాకు నచ్చిన పద్ధతి.

అలా తెంచినప్పుడు అన్నీ ఆగిపోవాలని అనుకోవడం పొరపాటు. డ్రిప్ వాల్వులు మూసుకోవాలి, ఎరువుల పంపు ఆగాలి. కాని క్యాప్సికం ఉన్న పాలీహౌస్‌లో ఫ్యాన్లు తిరగాలి. మధ్యాహ్నం లోపలి వేడి పెరిగితే పూత రాలుతుంది. కాబట్టి ఫ్యాన్లను రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు కలిసి ఉండే కొనకు కలపాలి. బ్యాటరీతో నడిచే లాచింగ్ వాల్వుల సంగతి వేరు. అవి కరెంటు పొదుపు చేస్తాయి కాని, కరెంటు పోయినప్పుడు ఉన్న స్థితిలోనే ఉండిపోతాయి. తెరిచి ఉన్న వాల్వును మూయడానికి సరిపడే శక్తిని దాచుకున్న కెపాసిటరు బోర్డుపై ఉండాలి.

కొన్ని భద్రతలను ప్రోగ్రాముకు వదలనే కూడదు. ఎరువుల పంపు సరఫరాను బోరు మోటారు కాంటాక్టరులోని సహాయక కొనల గుండా తీసుకుంటే, మోటారు ఆగిన క్షణమే పంపూ ఆగుతుంది. ఏ చిప్పు అనుమతీ అక్కరలేదు. ఎరువు నీరు వెనక్కి మళ్ళి బోరులో కలవకుండా నాన్ రిటర్న్ వాల్వు ఎలాగూ ఉండాలి. మోటారుకు ఆటో స్టార్టరు ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం. కరెంటు వచ్చిన వెంటనే, వాల్వులన్నీ మూసి ఉండగా మోటారు నడిస్తే పైపుల అతుకులు ఊడిపోతాయి. అధిక పీడనం వద్ద తెరుచుకునే ప్రెషర్ స్విచ్చును స్టార్టరు కాయిల్‌తో వరుసగా కలపడం దీనికి సులభమైన విరుగుడు.

బోర్డు తయారీలో మన రంగానికే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. బూడిద తెగులుకు వాడే గంధకం వెండిని నల్లబరుస్తుంది. వెండి పూత ఉన్న బోర్డులు గంధకం ఆవిరి పట్టే పాలీహౌస్‌లో త్వరగా చెడతాయి. బంగారు పూత ఉన్నవి కోరడం, తయారైన బోర్డుపై రక్షణ పూత వేయించడం మంచిది. 230 వోల్టుల గీతలను అసలు ఈ బోర్డుపైకి రానీయకుండా, వేరే పెట్టెలోని కాంటాక్టర్లకు వదలడం విద్యార్థుల ప్రాణరక్షణకు అవసరం.

పొలానికి తీసుకువెళ్ళే ముందు బల్లపైనే ఒక పరీక్ష చేయాలి. వాల్వులకు బదులు చిన్న దీపాలు కలిపి, ప్రోగ్రాము నడుస్తుండగా ఒక్కొక్క తీగనూ ఊడదీయాలి. ఆపై రెండేసి తీగలను తాకించాలి, చిప్పును మధ్యలో ఆపాలి, సరఫరాను తీసి తీసి ఇవ్వాలి. ప్రతిసారీ దీపాలు నిలిచిన స్థితిని ముందుగా రాసుకున్న పుటతో పోల్చాలి. తేడా వచ్చిన చోట ప్రోగ్రామును సవరించడానికి ముందు బోర్డును చూడాలి. మోటారు స్టార్టరుకు కలపడం ఇదంతా ముగిసిన తరువాతనే, అదీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, మెయిన్ ఆపించి.