పేరు దాచుకున్నవారు, పేరు దక్కనివారు

మహారాష్ట్రలోని భివండీలో సాంచాల (మరమగ్గాల) మీద తయారైన గ్రే గుడ్డ, అంటే రంగు వేయని గుడ్డ మీద నేసినవాడి పేరు ఉండదు. తాకా (గుడ్డ తాను) అంచున సాంచా నంబరు, మీటర్ల లెక్క వేస్తాం, అంతే. ఆ అంకెలు వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇక్కడి నిజాంపురాలో ఒక కార్ఖానాకు మెహతాను, అంటే జమాఖర్చులు, పగార్ (కూలి) లెక్కలు చూసేవాణ్ణి. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే సాంచాలు నడిపాడు. ఆయన నేసిన గుడ్డ ఎన్ని ఊళ్ళకు పోయిందో, ఎవరెవరు కట్టుకున్నారో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆయన పేరు మాత్రం మా గల్లీ దాటి పోలేదు.

అనానిమస్ అనే మాట ఇప్పుడు చదువుకున్న పిల్లలందరి నోటా వినిపిస్తోంది. పేరు చెప్పని దాత, సంతకం లేని ఫిర్యాదు, ఎవరో బయటపడని సాక్షి, అన్నిటికీ అదే మాట. గ్రీకు నుంచి వచ్చిన ఆ మాటకు పేరు లేనిది అని అర్థం. మనం అనామకం అంటాం, అజ్ఞాతం అంటాం. అయితే ఆ ఒక్క మాట కింద రెండు రకాల మనుషులున్నారు. ఒకరు తమ పేరు తామే దాచుకున్నవారు. ఇంకొకరు, తమ పేరు ఎవరూ రాసుకోనివారు. మొదటిది హక్కు, రెండోది అన్యాయం. ఈ రెండూ ఒకటే అనుకుంటే దెబ్బ తగిలేది కూలివాడికే. నేను చెప్పదలచుకున్నది ఇదే.

పేరు దాచుకోవడం మనకు కొత్తేమీ కాదు. విరాటుడి కొలువులో ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా ఏడాది గడిపిన కథ మనలో ఎవరికి తెలియదు? మార్కండేయ గుడికైనా, ఊళ్ళో రామాలయానికైనా చందాలిచ్చినవాళ్ళ పేర్లు రాసే పలక మీద ఎక్కడో ఒకచోట గుప్తదానం అని కనిపిస్తుంది. ఆ దాతను ఎవరూ అనుమానించరు. పైపెచ్చు చేతులెత్తి మొక్కుతారు.

ఇక ఆకాశరామన్న సంగతి. పేరు లేని ఉత్తరానికి మన భాష ఏకంగా ఒక మనిషినే పుట్టించింది. పంతులు బడికి రావడం లేదని, రేషన్ డీలరు తూకంలో కొడుతున్నాడని, పక్కింటివాళ్ళు దొంగ కరెంటు వాడుతున్నారని ఊళ్ళ నుంచి పై ఆఫీసులకు పోయే ఉత్తరాల కింద తరతరాలుగా ఆయనదే సంతకం. ఆకాశరామన్న రాసిన నిజాలున్నాయి, కడుపుమంటతో రాసిన అబద్ధాలూ ఉన్నాయి. ఆడపిల్లల పెళ్ళి సంబంధాలు చెడగొట్టిన ఉత్తరాలు మా పద్మశాలి కుటుంబాల్లోనే చూశాను. పేరు లేని మాటను ప్రభుత్వాలు నమ్మకపోవడానికి కారణం అదే. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే ఆదేశమిచ్చింది.

మరి నిజం చెప్పాలనుకుని ప్రాణానికి భయపడేవాడి గతేమిటి? సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు జాతీయ రహదారుల సంస్థలో పనిచేసేవాడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివినవాడు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి జరుగుతోందని ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. అది దారిదోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, 2010లో కోర్టు ముగ్గురికి జీవితఖైదు వేసింది. హత్యకు కారణం ఏదైనా, దాచమన్న పేరును దాచలేకపోయారన్నది మాత్రం దేశం మరిచిపోలేదు. ఆ తర్వాతే, 2004 ఏప్రిల్‌లో, కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, సంస్థల అవినీతి గురించి విజిలెన్స్ కమిషన్‌కు రాసేవాళ్ళు కవరు మీద తమ పేరు వేయకూడదు. లోపల మాత్రం పేరు, చిరునామా ఇవ్వాలి. ఆ పేరును బయటికి పొక్కనివ్వని పూచీ కమిషన్‌ది.

పాఠకులు ఈ తేడా పట్టుకోవాలి. ఆకాశరామన్న ఎవరో రాసినవాడికి తప్ప మరెవరికీ తెలియదు. గోప్యంగా ఫిర్యాదు చేసినవాడు ఎవరో ఒక అధికారికి తెలుసు, ఆయన చెప్పడు. రెండో దారిలో ఫిర్యాదుకు బరువుంటుంది, విచారణకు పిలిచి అడగడానికి మనిషి ఉంటాడు. కాకపోతే అంతా ఆ అధికారి నోటి కట్టడి మీద ఆధారపడి ఉంటుంది.

కార్మికుల విషయంలో ఈ కట్టడి ఎంత పాతదో చాలామందికి తెలియదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో చేసిన 81వ ఒడంబడికలో, ఫిర్యాదు ఎవరు చేశారన్నది లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎవరికీ చెప్పకూడదని రాసి ఉంది. అంతేకాదు, ఫిర్యాదు వల్లే తనిఖీకి వచ్చానన్న సంగతి కూడా యజమానికి తెలియనివ్వకూడదు. 1949లోనే మన దేశం దాన్ని ఆమోదించింది. ఎంత ఆలోచించి రాశారో! యాభై మంది పనిచేసే చోట అయితే ఎవరు రాశారో తెలియదు. ఎనిమిది మంది ఉండే షెడ్డుకు ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఫిర్యాదు అందింది అన్నాడంటే సేఠుకు ఆ పూటకే మనిషి దొరికిపోతాడు.

అలా దొరికిపోయిన ఒకామెను నేను ఎరుగుదును. కండెలు చుట్టే పని చేసేది. ఆడవాళ్ళకు పాయఖానా లేదని, తాగడానికి నీళ్ళు బయటినుంచి మోసుకోవాల్సి వస్తోందని రాయించి పంపింది. విచారణకు వచ్చిన మనిషి ఆ కాగితాన్ని చేతిలో పట్టుకునే కార్ఖానాలో తిరిగాడు. తెలుగులో రాసిన కాగితం అది. ఆ షెడ్డులో తెలుగువాళ్ళు ఇద్దరే. ఆ వారం పగార్‌తో పాటు ఆమె లెక్క తేల్చేశారు. ఆ చివరి లెక్క రాసింది నేనే. అది రాస్తుంటే చెయ్యి ఎంత బరువెక్కిందో ఇప్పటికీ గుర్తే. పాయఖానా మాత్రం ఆ తర్వాత కట్టారు.

పేరు దాచుకునే హక్కు బలహీనుడికి ఎందుకు కావాలో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది. ఓటు రహస్యంగా ఉండాలనేది అందుకే. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చువేయడం నేరమనేది అందుకే. తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పేరులోనే ఈ మాట పెట్టుకున్నదీ అందుకే. అక్కడ ఇంటిపేరు అడగరు, కులం అడగరు, ఎక్కడ పనిచేస్తావని అడగరు. మా పక్క గల్లీలో సాంచా నడిపే ఒకతను ఠాణే వైపు జరిగే ఆ సమావేశాలకు పోయి మనిషయ్యాడు. ఊళ్ళో అందరి ముందూ తాగుబోతునని చెప్పాల్సి వస్తే పోయేవాడు కాదు.

ఇదే ముసుగు బలవంతుడు వేసుకుంటే న్యాయం తిరగబడుతుంది. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లలో పార్టీలకు డబ్బు ఇచ్చినవాళ్ళ పేర్లు ప్రజలకు తెలిసే వీలు లేకపోయింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్నే కొట్టివేసింది. ఓటరు రహస్యం, పార్టీకి కోట్లు ఇచ్చేవాడి రహస్యం ఒకే తక్కెడలో తూగవని కోర్టు ఒప్పుకుంది. నాకు ఆ తీర్పు చాలా నచ్చింది.

ఇప్పుడు రెండో రకం మనుషుల దగ్గరికి వస్తాను. నా మనసంతా అక్కడే ఉంది.

నిజాం రాజ్యం నుంచి ముంబైకి కూలికి వచ్చిన తెలుగువాళ్ళను కామాఠీలు అన్నారు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. ఆ నగరం కట్టడాలకు ఇటుకా సున్నం మోసినవాళ్ళందరికీ కలిపి మిగిలిన పేరు అదొక్కటే. విక్టోరియా టెర్మినస్ ఎవరు గీశారంటే ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ అని పుస్తకాలు చెబుతాయి. రాళ్ళెత్తిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పేరు దక్కినవాళ్ళూ తర్వాత దాన్ని పోగొట్టుకున్నారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి, నేత పని భివండీ వంటి ఊళ్ళకు మళ్ళింది. మిల్లులో ఉన్నప్పుడు మనిషికి మస్టరు రోల్లో పేరుండేది, ప్రావిడెంట్ ఫండ్ ఉండేది, యూనియన్ ఉండేది. అదే గుడ్డ, అదే చెయ్యి, సాంచాల షెడ్డులోకి వచ్చేసరికి పేరు రాలిపోయింది.

ఎలా రాలిపోయిందో మెహతాగా నాకు తెలుసు. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ చట్టం వర్తిస్తుందని 1948 చట్టం అంది. దాంతో ఒకే కప్పు కింద ఉన్న సాంచాలను అన్నదమ్ముల పేర్ల మీద, ఇంటి ఆడవాళ్ళ పేర్ల మీద ముక్కలు చేశారు. యజమానుల పేర్లు పెరిగాయి, కార్మికుల పేర్లు మాయమయ్యాయి. ఖాతాలో మనిషి పేరుకు బదులు నాలుగో జోడీ, కోనేవాలా (మూలనున్నవాడు), బిహారీ ఛోటూ అని రాసి పగార్ ఇచ్చే అలవాటు అలా పుట్టింది. చిన్న ఆసామి బతుకూ గొప్పదేం కాదు. నూలు ఇచ్చే సేఠుకు మజూరీ (కూలి) మీద నేసి ఇస్తాడు. ఆ గ్రే గుడ్డ రంగుకు బాలోత్రాకో పాలీకో పోయి, ఎవరో కంపెనీ ముద్ర వేసుకుని బజారుకు వస్తుంది. దారిలో ఒక్కొక్కరి పేరూ ఊడిపోతూ చివరికి అమ్మేవాడి పేరు మిగులుతుంది.

పేరు లేకపోతే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్ చూపించింది. సాంచాలు ఆగిపోయాయి. సాయం చేద్దామని వచ్చినవాళ్ళు లిస్టు అడిగితే ఏ కార్ఖానా దగ్గరా సరైన లిస్టు లేదు. మాకు అక్కరకొచ్చింది భిస్సీ (కూలీల భోజనశాల) నడిపే ఒక పెద్దమ్మ నోటు పుస్తకం. రెండు పూటలా తన దగ్గర తినే ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు అందులో ఉన్నాయి. ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికి కబురు చేసేది కూడా ఆమే కాబట్టి అలా రాసి పెట్టుకుంది. చదువు రెండో తరగతి. ఆ కష్టకాలంలో బియ్యం పంచింది ఆ పుస్తకం చూసే.

వలస కార్మికుల కష్టాల కేసులో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాకే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ 2021 ఆగస్టు 26న మొదలైంది. ముప్పై కోట్లకు పైగా పేర్లు ఎక్కాయి. ఒక్కొక్కరికి పన్నెండు అంకెల నంబరు ఇస్తారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం, పది మంది ఉన్న చోట ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. మళ్ళీ ఆ పది లెక్కే. మళ్ళీ షెడ్లను ముక్కలు చేసి గోడలు అడ్డం కడతారన్న భయం నాకుంది.

పేరు లేని ప్రతిదీ దుఃఖమే అనను. ఇక్కడి పద్మానగర్‌లో మా ఆడవాళ్ళు పాడే బతుకమ్మ పాటలు ఎవరు కట్టారో తెలియదు, తెలియక్కర్లేదు. తరతరాల ఆడవాళ్ళు తలా ఒక చరణం కలిపితే వచ్చిన పాటలవి, అందరివీ. కూలికి నేసిన గుడ్డ అలాంటిది కాదు. 2017 నుంచి కొన్నేళ్ళు సిరిసిల్లలో ఏటా లక్షల కొద్దీ బతుకమ్మ చీరలు నేశారు. కట్టుకున్న అక్కాచెల్లెళ్ళకు ఇచ్చిన ప్రభుత్వం తెలుసు, నేసిన మనిషి తెలియదు. అదే సిరిసిల్లలో వెల్ది హరిప్రసాద్ అనే నేతకారుడు జీ-20 చిహ్నాన్ని నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధాని రేడియోలో ఆయన పేరు పలికారు. చీర నేతకు నూలు ఆసు పోసే యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, ఆ యంత్రానికి ఆయన తన తల్లి లక్ష్మి పేరు పెట్టుకున్నాడు. ఆ రెండు పేర్లూ విన్న రోజున మా గల్లీలో నేతపనివాళ్ళ ముఖాలు వెలిగిపోవడం చూశాను.

భివండీలో, సూరత్‌లో, సోలాపూర్‌లో, సిరిసిల్లలో నాలాగా ఖాతాలు రాసే మెహతాలకు ఒక విన్నపం. సేఠు అడిగినా అడగకపోయినా పగార్ పుస్తకంలో మనిషి పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు రాయండి. సాంచా నంబరు పక్కన రాసుకోండి. సాంచా నడిపే అన్నలు, కండెలు చుట్టే అక్కలు ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి, నియామక పత్రం అడగండి. అడిగితే పని పోతుందన్న భయముంటే యూనియన్ ద్వారా గోప్యంగా రాయించండి, మీ షెడ్డులో మీకు మాత్రమే వచ్చిన భాషలో రాయకండి. ఆ కాగితం అందుకున్న అధికారి దాన్ని బల్ల సొరుగులో పెట్టి, చేతులు ఖాళీగా తనిఖీకి రావాలి.