బర్డ్‌సాంగ్ (నవల)

బర్డ్‌సాంగ్ (అనగా పక్షి పాట) ఆంగ్ల రచయిత సెబాస్టియన్ ఫోక్స్ రచించిన నవల. 1993లో వెలువడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు ప్రేమ, 1970వ దశకంలో లండన్‌లో నివసించే ఒక స్త్రీ జీవితము ఇందులో పెనవేసుకొని సాగుతాయి.

1910లో ఫ్రాన్సులోని అమియెన్స్ నగరానికి వచ్చిన స్టీఫెన్ అనే ఆంగ్లేయ యువకుడు, తనకు బస ఇచ్చిన బట్టల మిల్లు యజమాని భార్య ఇసబెల్‌ను ప్రేమిస్తాడు. ఇద్దరూ ఇల్లు విడిచి వెళ్ళిపోతారు. కొంతకాలానికి, గర్భవతినైన సంగతి చెప్పకుండానే ఆమె అతనిని వదలి వెళ్తుంది. యుద్ధం రాగా అతడు సైన్యాధికారియై 1916 నాటి సోమ్ యుద్ధంలో పోరాడుతాడు. శత్రువుల కందకాల క్రిందికి సొరంగాలు త్రవ్విన కార్మికుల కథయే ఈ భాగానికి ప్రాణం. ఊపిరాడని ఆ చీకటిని రచయిత వర్ణించిన తీరు మరపురానిది.

ఎలిజబెత్ స్టీఫెన్ మనుమరాలు. వివాహితుడైన ప్రియునితో ఆమె జీవితం ఎటూ తేలదు. తాత గూఢలిపిలో వ్రాసుకొన్న పుస్తకాలు తల్లి ఇంటి అటకపై దొరుకుతాయి. శవాలైనా దొరకని సైనికుల పేర్లు చెక్కిన స్మారకాన్ని చూసి, ఇది తనకెవరూ చెప్పలేదేమని నిర్ఘాంతపోతుంది. తాను అమ్మమ్మ అనుకొన్నామె నిజానికి ఇసబెల్ అక్క అని కూడా తెలుస్తుంది. సొరంగంలో మరణించిన జాక్‌కు తాత ఇచ్చిన మాట నెరవేరుస్తూ, జాక్ పోగొట్టుకొన్న కొడుకు జాన్ పేరునే తన బిడ్డకు పెడుతుంది.

ఈ ఆధునిక భాగం పలుచగా ఉన్నదనే విమర్శ కలదు. అది కొంత నిజమే. 2012లో బి.బి.సి. ప్రసారం చేసిన టెలివిజన్ రూపంలో దానిని పూర్తిగా తొలగించారు. దానితో ఎలిజబెత్ బిడ్డ కథ కూడా లేకుండా పోయింది.