మీకు తెలుసా? చార్మినార్‌కు దారి చెప్పాలంటే ఎన్ని దక్షిణాలు!

నయాపూల్ మీద మూసీ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ వైపు నడిచేవాడు వెళ్లేది దక్షిణానికే. తెలుగులో ఆ ఒక్క మాట సరిపోతుంది. ఇంగ్లీషుకు సరిపోదు.

దిక్కు పేరు 'సౌత్'. ఆ దిక్కుకు కదలడం 'సౌత్‌వర్డ్'. ఆ ప్రాంతానికి చెందినది 'సదర్న్'. అసలు చిక్కు 'సదర్లీ'తో వస్తుంది. సదర్లీ దిశలో నడిస్తే దక్షిణానికి పోతాం. సదర్లీ గాలి మాత్రం దక్షిణం నుంచి మనవైపు వీస్తుంది! ఫలక్‌నుమా వైపు నుంచి చార్మినార్‌కు వచ్చే గాలి సదర్లీ, దానికి ఎదురు నడిచేవాడి దారీ సదర్లీయే.

రైల్వే పేర్లలోనూ ఈ తేడా ఉంది. 1951లో చెన్నై కేంద్రంగా ఏర్పడింది 'సదర్న్', 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా వచ్చింది 'సౌత్ సెంట్రల్'. తెలుగు బోర్డుపై రెండూ 'దక్షిణ'మే.

పాతబస్తీ నాలుక మీద మరో దక్షిణం ఉంది. సంస్కృత 'దక్షిణ' ప్రాకృతంలో 'దక్ఖిణ' అయి, అక్కడి నుంచి 'దక్కన్' పుట్టింది. 'నక్కో' (వద్దు), 'హౌ' (అవును) అనే ఇక్కడి ఉర్దూకు దక్ఖనీ అన్న పేరు అలా వచ్చిందే. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం ఎక్కువగా రాసిందీ ఈ భాషలోనే. ఇంతకీ 'దక్షిణ' అంటే కుడి అని కూడా అర్థం: తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఉండేది ఆ దిక్కే. ఈ లెక్కన మూసీ ఒడ్డున ప్రవాహం వెంట తూర్పుకు చూసేవాడికి పాతబస్తీ కుడివైపు ఊరు.